ఆరు గీతల బండ

తాండూరు స్టేషను ఎదురుగా కొత్తగా ఒక చాయ్ హోటలు వచ్చింది. పోయిన నెల అక్కడికి చాయ్ తాగుదామని పోయి, తాగకుండానే తిరిగి వచ్చాను. గడప ముందు మెట్టుగా ఒక బండ వేశారు. మన తాండూరు నీలి బండే, రెండడుగుల పొడవు ఉంటుంది. దాని మీద ఉలితో చెక్కిన ఆరు గీతలున్నాయి. పైన మూడు నిండు గీతలు. వాటి కింద నడుమ తెగిన గీత ఒకటి, మళ్లీ ఒక నిండు గీత, అన్నిటికన్నా అడుగున మళ్లీ తెగిన గీత. వచ్చినవాడల్లా చెప్పుల బురదను ఆ గీతలకు రాసి లోపలికి పోతున్నాడు.

గల్లా దగ్గర కూర్చున్న హోటలు యజమానికి ఇరవై ఏళ్లుంటాయేమో. ఆ బండను తిప్పి వేయించమని చెప్పాను. జారకుండా ఉండటానికి కొట్టించిన గీతలు కదా, తిప్పితే ఎవడైనా పడతాడు అన్నాడు. అవి జారకుండా ఉండటానికి కొట్టినవి కావనీ, ఇక్కడ పళ్లు కట్టిన చీనా డాక్టరు బండ అదనీ చెప్పాను.

"ఓ, గా చీనాయనదా? గాయన్ను పక్కపొంటి కూరగాయలమ్మే ముసల్ది పట్టిచ్చిందట గద సారూ. మా నాయన చెప్తుండె."

బెంచీల మీద కూర్చున్నవాళ్లు అవునవునని తలలూపారు. అది అబద్ధమన్నాను. నా గొంతు పెద్దదైంది.

"నీకెందుకు సారూ గింత కోపం? బండ నీదా ఏంది? నీదని రుజువేమన్న ఉన్నదా?"

అందరూ నవ్వారు. నేను వెనక్కి తిరిగి వచ్చేశాను.

నన్ను అన్న మాటను మరిచిపోయే మనిషిని కాను నేను. పోలీసు యాక్షన్ అయిన మరుసటేడు జాగీరు కచ్చేరీలో నా కుర్చీని తీసి వరండాలో పడేసినవాడి చొక్కా రంగు ఇప్పటికీ చెప్పగలను. కాని హోటలువాడి మాటకు వచ్చిన కోపం వేరు. ఆ కూరగాయల అవ్వ పోయిన వానాకాలంలో చనిపోయింది. చచ్చినవాళ్లు అర్జీ పెట్టుకోలేరు. ఆమె మీద పడిన నింద అబద్ధమని ఈ ఊళ్లో రుజువుతో చెప్పగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే. అది చెప్పాలంటే ముందు ఆయన సంగతి చెప్పాలి.

ఆయన పేరు ఎవరికీ సరిగ్గా నోరు తిరగలేదు కనుక ఎవరూ ఆ పేరుతో పిలవలేదు. చీనాయన అన్నారు, అంతే. దుకాణం మీద బోర్డు రాసిన పెయింటరు పెద్ద అక్షరాలతో 'పండ్ల డాక్టరు' అని రాసి ఊరుకున్నాడు. పక్కన పళ్ల వరుస బొమ్మ వేయమంటే తెల్లరంగు అయిపోయిందని రెండేళ్లు తిప్పించుకున్నాడు. ఆ రెండేళ్లలో పొరుగూళ్లవాళ్లు ఎందరో వచ్చి జామపండ్లున్నాయా, దానిమ్మ ఉందా అని అడిగేవారు. ఆయన విసుక్కునేవాడు కాదు. వాళ్లను పక్కనే గంప పెట్టుకుని కూర్చున్న అవ్వ దగ్గరికి పంపేవాడు.

ఆయనకు వచ్చిన తెలుగంతా ఆ అవ్వ దగ్గర నేర్చుకున్నదే. అవ్వ అందరినీ 'బిడ్డా' అనేది. ఆడదైనా మగవాడైనా, కోమటి సేటైనా సరే. అది మర్యాద మాట అనుకున్నాడో ఏమో, ఈయనా అందరినీ బిడ్డా అనడం మొదలుపెట్టాడు. బిడ్డ అంటే కూతురని ఎవరైనా చెప్పవలసింది. ఎవరూ చెప్పలేదు. మొదటిసారి నేను దవడ పట్టుకుని ఆయన దగ్గరికి పోయినప్పుడు నా వయసు ముప్పై ఆరు, మూతి మీద మీసముంది, చేతిలో సర్కారు ఫైలుంది.

"నోరు తెరువు బిడ్డా" అన్నాడు.

నేను వికారాబాదులో సర్కారు గుమాస్తానని, అలా పిలవవద్దని చెప్పాను.

"గుమాస్తానా? అయితే జర పెద్దగ తెరువు."

అవ్వ గంప దగ్గరినుంచి కిలకిల నవ్వింది. నా మీద ఆయన వేసిన మొదటి దెబ్బ అది.

కుండ కొనేవాళ్లు వేలితో కొట్టి వింటారు చూడండి, ఆయన పళ్లను అలా వినేవాడు. పట్టకారు వెనుక కొసతో ఒక్కొక్క పన్నునూ తట్టి, తల పక్కకు వంచి వినేవాడు. నొప్పి ఈ పంటిలో ఉందని మనం చూపిస్తే, కాదని పక్క పన్ను తట్టేవాడు. అప్పుడు ప్రాణం పోయినంత పనయ్యేది. నా నోట్లో నొప్పి ఎక్కడుందో నాకన్నా ఆయనకు ఎక్కువ తెలియడం నాకు నచ్చలేదు. మెడదాకా గుండీలు పెట్టిన పొట్టిచేతుల చొక్కా వేసుకునేవాడు. ఊరంతా చాయ్ తాగుతుంటే ఉత్త వేడినీళ్లు తాగేవాడు. దేనికీ గొంతు పెంచేవాడు కాదు. ఎదుటివాడు కోపంగా ఉన్నప్పుడు గొంతు పెంచకపోవడం కూడా ఒక అవమానమే.

వారానికి రెండు రోజులు ఆయన వికారాబాదు పోయేవాడు. అక్కడ గుట్ట మీది క్షయ దవాఖానాకు వచ్చేవాళ్లూ పోయేవాళ్లూ ఆయనకు బేరం. నేను తాండూరులో ఉంటూ వికారాబాదులో నౌకరీ చేసేవాణ్ణి కనుక ఆ రెండు రోజులూ మాది ఒకే పాసింజరు, చాలాసార్లు ఒకే బెంచీ. ఒళ్లో తాళం వేసిన రేకు పెట్టె పెట్టుకుని కూర్చునేవాడు. అందులో పనిముట్లు, ఒక పాత పుస్తకం, పళ్లపొడి డబ్బా ఉండేవి. ఆ డబ్బాలో మూడు ఇత్తడి నాణేలు. నడుమ నలుచదరపు బొక్క ఉన్న చీనా నాణేలు, లవంగనూనె వాసన వేసేవి.

ఆ మూడు నాణేలే ఆయనను తాండూరులో పెద్దమనిషిని చేశాయి. పళ్ల కోసం పదిమంది వస్తే, నాణేల కోసం ఇరవై మంది వచ్చేవారు. కంది వేయాలా జొన్న వేయాలా, బండల పనికి పోవాలా, బస్సు కండక్టరు పనికి దరఖాస్తు పెట్టాలా అని అడిగేవారు. చేతులు కడుక్కుని రమ్మనేవాడు. నాణేలు ఆరుసార్లు వేయించేవాడు. పడిన తీరును బట్టి ఒక్కొక్కసారికి ఒక నిండు గీతో, తెగిన గీతో పలక లాంటి నీలి బండ మీద సుద్దతో గీసేవాడు. ఆరు గీతలయ్యాక పుస్తకం తెరిచి, వాళ్ల దేశంలో వేల ఏళ్లనాటి పెద్దలు ఆ గీతలకు ఏమి చెప్పారో చూసి, అవ్వ నేర్పిన తెలుగులో చెప్పేవాడు. దానికి ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకునేవాడు కాదు.

గీతలు కింది నుంచి పైకి గీసేవాడు. చదువుకున్నవాడెవడైనా పై నుంచి కిందికి రాస్తాడు. ఆ మాటే ఒకసారి అన్నాను. "ఇల్లు కిందికెల్లే కడుతరు గద బిడ్డా" అన్నాడు. జవాబు లేకపోవడం నాకు పడదు. అందుకే ఆ మాట గుర్తుంది.

ఆయనకు కొన్ని నియమాలుండేవి. మేక పోయింది, దొంగ ఎవరని అడిగితే పోలీసు దగ్గరికి పొమ్మనేవాడు. అవుతుందా కాదా అని అడగనిచ్చేవాడు కాదు. నేనెట్ల నడవాలె అని అడగమనేవాడు. ఒక్క ప్రశ్న ఒక్కసారే. మళ్లీ అదే అడిగితే నాణేలు డబ్బాలో వేసి మూత పెట్టేవాడు. మళ్లీ మళ్లీ అడగడం పెద్దలను ఎక్కిరించడమట. ఒకే విషయం మీద పదకొండు అర్జీలు పెట్టినవాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని అనవలసిన మాటేనా అది?

బషీరాబాదు వైపు నుంచి ఒక రైతు వచ్చాడు, సగం కన్నడం, సగం తెలుగు మాట్లాడేవాడు. బావికి డీజిలు ఇంజను పెట్టాలా వద్దా అన్నది అతని ప్రశ్న. గీతలు పడ్డాయి. చీనాయన పుస్తకం చూసి, బావి మంచిదేనని, తాడే కురచ అని చెప్పాడు. ఇంజనుకు తాడుతో పనేముందని నేను అందుకోబోయాను. ఇంతలో ఆ రైతే, బావిలో సగం తన అన్నదనీ, ఇద్దరికీ ఆరేళ్లుగా మాటల్లేవనీ చెప్పుకుని ఏడ్చాడు. ఆ ఏడే అన్నదమ్ములు కలిసి ఇంజను పెట్టారని తర్వాత తెలిసింది. ఊరంతా చీనాయన మహిమ అంది. అన్నతో మాట్లాడు అని చెప్పడానికి ఏ పెద్దమనిషైనా చాలడా? దానికి చీనా దేశం నుంచి పుస్తకం రావాలా? ఇప్పటికీ నాకది అన్యాయంగానే కనిపిస్తుంది. కాని ఆరేళ్లలో ఆ ఊరి పెద్దమనిషి ఒక్కడూ ఆ మాట చెప్పలేదన్నదీ నిజమే.

ఇక నా సంగతి. జాగీరు కచ్చేరీలో నేను ఎనిమిదేళ్లు పనిచేశాను. జాగీర్లు పోయాయి, మమ్మల్ని సర్కారులో కలిపారు. కలిపిన రోజునుంచే సర్వీసు లెక్క అన్నారు. ఆ ఎనిమిదేళ్లు ఏమయ్యాయంటే జవాబు లేదు. తర్వాత రాష్ట్రం మారింది, సీనియారిటీ లిస్టు మళ్లీ తిరగరాశారు, నేను ఇంకా కిందికి జారాను. నేను దస్తూరీ నేర్పినవాడు నాకు హెడ్ గుమాస్తా అయి, నా సెలవు చీటీ మీద సంతకం పెట్టేవాడు. పదకొండో అర్జీ కూడా తిరిగి వచ్చిన రోజు దవడ పంటి నొప్పి మళ్లీ లేచింది. చీనాయన దగ్గరికి పోయాను. పన్ను పీకేదాకా ఓర్చుకుని, నోట్లో దూది పెట్టుకునే ప్రశ్న అడిగాను. హైదరాబాదు పోయి హైకోర్టులో దావా వేస్తే గెలుస్తానా?

అట్ల కాదు, నేనెట్ల నడవాలె అని అడగమన్నాడు. అడిగాను. చేతులు కడుక్కున్నాను. ఆరుసార్లు నాణేలు వేశాను. కింది నుంచి తెగిన గీత, నిండు గీత, తెగిన గీత, పైన మూడు నిండు గీతలు.

ఆయన పుస్తకం తెరవకుండానే గీతల మీద వేలు పెట్టాడు.

"మీద ఆకాశమున్నది. కింద నీళ్లున్నయి. ఆకాశం మీదికే పోతది, నీళ్లు కిందికే పోతయి. నీది కొట్లాట గీత బిడ్డా."

తర్వాత పుస్తకం చూసి, నా మాట నిజమేనని, దారి మూసి ఉందని చెప్పాడు. నా మాట నిజమని పదేళ్లలో నాతో అన్న మొదటి మనిషి ఆయన. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. పంటి నొప్పి అనుకున్నాడేమో. అంతలోనే పాడు చేశాడు.

"నడుమ ఆగు. కడదాక పోతే చెడు. పెద్ద ఏరు దాటకు."

నాకు ఒళ్లు మండింది. "పన్ను పీకేటప్పుడు నువ్వు నడుమ ఆగుతవా?" అన్నాను.

"కచ్చేరీ పన్ను గాదు బిడ్డా. పన్ను పీకితే అయిపోతది."

ఇక పెద్ద ఏరు సంగతి. మూసీ పుట్టింది మా వికారాబాదు గుట్టల్లోనే. ఇక్కడ దాన్ని పంచె ఎత్తకుండా దాటొచ్చు. ఏ ఏరు గురించి చెబుతున్నావని నవ్వి వచ్చేశాను. మరుసటి నెల నాంపల్లిలో రైలు దిగి, వంతెన మీద ఆ మూసీనే దాటి హైకోర్టు మెట్లెక్కాను. రెండేళ్లు అలా దాటుతూనే ఉన్నాను. చివరికి నా దావా గడువు మీరి వేసిందని తేలింది. నిజమా అబద్ధమా అన్న మాటే రాలేదు. చివరిసారి వంతెన మీద నడిచి వస్తూ కిందికి చూశాను. ఎండాకాలం. అడుగున చారెడు నీళ్లున్నాయి. అవి మా గుట్టలవే.

ఓడిపోయానన్న బాధ నేను పడగలను. కాని ఆ తర్వాత ఆయన చేసిన పని చూడండి. బండలు చెక్కే కూలీ ఒకడికి దవడలో చీము తీసి బతికించాడట. ఆ కూలీ రుణం ఉంచుకోనని పట్టుబడితే, సుద్దగీతలు చెరిగిపోతున్నాయి, ఒక బండ మీద చెక్కిపెట్టమన్నాడట. ఏ గీతలు? నా గీతలు. ఉన్న గీతలన్నిటిలో నావే దొరికాయి ఆయనకు. దాన్ని దుకాణంలో రోగులు కూర్చునే బెంచీ ఎదురుగా గోడకు ఆనించి పెట్టాడు. ఎవరైనా ఏమిటని అడిగితే, "ఇది మన గుమాస్తా సారుది" అని నేను అక్కడ సత్రం కట్టించినట్టు చెప్పేవాడు. ఎందుకు చేశావంటే, ఈ ఊరికి వచ్చేవాళ్లలో సగం మందికి కావలసినది అదే గీత, మళ్లీ మళ్లీ గీయలేక చెక్కించానన్నాడు.

ఊరికి ఇంకేం కావాలి? ఆఫీసులో నౌకరు దగ్గరినుంచి అందరికీ నేను 'నడుమ ఆగని సారు' అయిపోయాను. రైలెక్కితే చాలు, "ఏం సారూ, వికారాబాద్ దాక పోతరా, నడుమ దిగుతరా?" అని అడిగేవారు. టికెట్ కలెక్టరు కూడా అడిగాడు. మా ఇంట్లో నా భార్య, అన్నం పెడుతూ, ఇక నడుమ ఆగుతారా అంది.

అప్పుడు నేను ఒక పని చేశాను. ఒక ఆదివారం పొద్దున కూర్చుని చీనాయన మీద పోలీసులకు అర్జీ రాశాను.

ఇరవై ఏళ్ల అనుభవం మీద చెబుతున్నాను, సొంత బాధ రాసిన అర్జీని ఎవడూ చదవడు. అర్జీకి బరువు కావాలి. ప్రజలకు ముప్పు ఉందని రాయాలి, అనుమానం అని రాయాలి. అవమానం జరిగిందని రాస్తే చెత్తబుట్టలోకి పోతుంది. నేను బరువుగానే రాశాను. సదరు వ్యక్తి వారమునకు రెండు మార్లు తాళము వేసిన పెట్టెతో వికారాబాదు జంక్షనునకు ప్రయాణించుచున్నాడు. జన్మస్థలము అనుమానాస్పదము. బండలపైనను పుస్తకములలోను రైలు పట్టాలవంటి గీతలు గీయుచున్నాడు. అవి ఏమైనదీ ప్రజలకు తెలియదు. ఆయన ఎక్కడ పుట్టాడో నేనెన్నడూ అడగలేదు. 'రైలు పట్టాలవంటి' అన్న మాట దగ్గర కలం ఆపి, బాగా కుదిరిందని మళ్లీ చదువుకున్నాను. కింద సంతకం పెట్టాను. ఆకాశరామన్న ఉత్తరాలు రాసేవాణ్ణి కాను.

ఏమీ కాలేదు. నా అర్జీలన్నిటిలాగే అదీ పోయిందనుకున్నాను. ఏడాది తిరిగేసరికి కోపం చల్లారింది. రైల్లో ఆయన మళ్లీ నా పక్కనే కూర్చునేవాడు. పల్లీలు ఒలిచి సగం నాకు పెట్టేవాడు. పీకిన పన్ను చోట ఖాళీ ఉంటే పక్క పళ్లు వంగుతాయని, తనే ఒక పన్ను చేసి పెట్టాడు. మూడుసార్లు అరగదీసి, మూడుసార్లు పెట్టి చూసి, చివరికి నా పళ్ల పసుపు రంగే దానికీ వచ్చేలా చేశాడు. వెనక్కి తీసుకోవలసిన అర్జీ ఒకటి ఉందని నాకు అప్పుడు తోచలేదు. తోచలేదని రాయడం కూడా అబద్ధమే. తోచింది. నడుమ ఆగడం నాకు చేతకాదు, అంతే.

చీనాతో యుద్ధం వచ్చింది. రేడియో దగ్గర జనం మూగేవారు. ఆయన దుకాణానికి రోగులు రావడం మానేశారు. వాళ్లలో ఆయన కట్టిన పళ్లతో అన్నం తింటున్నవాళ్లే ఎక్కువ. బోర్డు మీద ఎవరో పేడ కొట్టారు. అవ్వ కడిగింది. కొట్టినవాడి వంశమంతటినీ తిడుతూ కడిగింది. పది రోజులకు, ఒక ఆదివారం మధ్యాహ్నం వేళ జీపు వచ్చి ఆగింది. పై నుంచి వచ్చిన అధికారి ఒకడు, ఇద్దరు బయటి ఊరి జవాన్లు. ముందు పక్కన కూర్చున్న అవ్వను నిలబెట్టి చాలాసేపు ఏవేవో అడిగారు. ఊరంతా అది చూసింది. తర్వాత ఇంటికి మనిషిని పంపి నన్ను పిలిపించారు. అది ఊరు చూడలేదు.

దుకాణంలో తలుపు దగ్గరగా వేసి ఉంది. చీనాయన రోగుల బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. బల్ల మీద ఆయన నోటుబుక్కులు. ప్రతి పేజీలో ఎవరో ఒకరి ఆరు గీతలు, పక్కన చీనా అక్షరాలు. బషీరాబాదు రైతు బావి అందులో ఎక్కడో ఉండే ఉంటుంది. అధికారి చేతిలో నా అర్జీ ఉంది. కాగితం పసుపు పడింది గాని నా దస్తూరీ అలాగే ఉంది. నిండు గీత రైలు పట్టా, తెగిన గీత వంతెన అని వాళ్లు తేల్చుకున్నారు.

అవి జాతకం వంటి గీతలు సార్ అని చెప్పాను. మంచీ చెడూ అడిగేవాళ్లకు చెప్పేవని, నేనూ అడిగానని చెప్పాను.

"రైలు పట్టాలవంటి గీతలు అని మీరే రాశారు."

"అది పోలిక సార్."

"పోలికలు కవులు రాసుకుంటారు. గుమాస్తా రాస్తే అది సమాచారం."

అర్జీ వెనక్కి తీసుకుంటానన్నాను. అది కూడా రాసి ఇవ్వమన్నాడు. అక్కడే నిలబడి రాసి ఇచ్చాను. మడిచి జేబులో పెట్టుకున్నాడు. తర్వాత నా మొదటి అర్జీని మొదటినుంచి చివరిదాకా ఉర్దూలో చీనాయనకు చదివి వినిపించాడు. సంతకం ఎవరిదో కూడా చదివాడు. ఆయన తల పక్కకు వంచి, పన్నును విన్నట్టు విన్నాడు. నా వైపు ఒకసారి చూశాడు.

సాయంత్రం పాసింజరుకు స్టేషనుకు తెచ్చారు. ప్లాటుఫారం మీద నలుగురు చూస్తుండగా జవాన్ల నడుమ నిలబడ్డాడు. రేకు పెట్టె వాళ్ల దగ్గర ఉంది. నేను పోయి ఎదురుగా నిలబడ్డాను. చెప్పవలసిన మాటలన్నీ దారిలో కూర్చుకుంటూ వచ్చాను. తప్పు నాదేనన్నది మొదటి మాట.

"నోరు తెరువు బిడ్డా" అన్నాడు.

తెరిచాను. జవాన్లు నవ్వారు. ఆయన నా చుబుకం పట్టుకుని వెలుతురు వైపు తిప్పి, తను పెట్టిన పన్నును బొటనవేలితో నొక్కి చూశాడు. పక్క పన్నును గోరుతో తట్టి విన్నాడు.

"గట్టిగున్నది. ఫికర్ లేదు" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "నా గురించి నువ్వు రాస్తనే ఉంటవు. నాకెరుకే. నడుమ ఆగు" అన్నాడు.

అంత పెద్దగా నోరు తెరిచాను. ఒక్క మాట బయటికి రాలేదు. రైలు పోయింది.

రాజస్థానంలో ఎక్కడో క్యాంపులో పెట్టారన్నారు. తర్వాత ఓడెక్కించి పంపేశారని ఒకరు, కలకత్తాలో చూశామని ఒకరు అన్నారు. నేను ఆగలేదు. ఢిల్లీకి రాశాను, హైదరాబాదుకు రాశాను, పేరు స్పెల్లింగు మూడు రకాలుగా ఉంటే మూడు రకాలుగానూ రాశాను. ఆయన గురించి పెట్టిన అర్జీలు ముప్పై దాటాయి. ఒక్కదానికీ జవాబు లేదు. నా జన్మలో నేను పెట్టిన అర్జీలన్నిటిలో కడదాకా పోయి పని చేసింది ఒక్కటే. అది నేను బరువు కోసం అబద్ధాలు కలిపి రాసినది. నిజం రాసినవాటిని ఎవడూ విప్పి చూడలేదు. దీని మీద నాకున్న కోపం చచ్చినా పోదు. ఎవరి మీద చూపించాలో మాత్రం తేల్చుకోలేకపోయాను.

ఇక అవ్వ. జవాన్లు నిలబెట్టి అడిగింది ఆమెను కనుక ఊరు ఆమె పేరు పట్టుకుంది. ఆమె గంప దగ్గర కొనడం మానేశారు. చీనాయన ఉన్నప్పుడు ఆయన దగ్గరికి రావడం మానేసినవాళ్లే ఇప్పుడు ఆయన తరఫున ఆమె మీద ఉమ్మేవారు. ఒకరోజు మా ఇంటి ముందుకు వచ్చి అరుగు మీద కూర్చుంది.

"అర్జీలు మంచిగ రాస్తవట గద సారూ. నేను పట్టియ్యలేదని ఒక కాయితం రాసియ్యి బిడ్డా. ఆయన నాకు కొడుకసొంటోడు."

నేను రాసి ఇచ్చాను. సదరు స్త్రీ నిర్దోషి అని, ఆమెకు ఏమీ తెలియదని చక్కని దస్తూరీతో రాశాను. మరి పట్టిచ్చింది ఎవరన్నది రాయలేదు. ఆమె చదువు రానిది. వేలిముద్ర వేసి, కాగితాన్ని కొంగున ముడివేసుకుని, ఒక కట్ట చుక్కకూర అరుగు మీద పెట్టి పోయింది. ఆ కాగితం ఎవరికి చూపించిందో, ఎవరు చదివారో తెలియదు. ఆరేళ్లు ఆ నింద మోసింది. మోస్తూనే చచ్చిపోయింది.

హోటలువాడు రుజువు అడిగాడు. రేపు తాండూరు సంత, హోటలు నిండా మనుషులుంటారు. ఇదంతా రాసి సంతకం పెట్టిన ఈ కాగితాలు తీసుకుపోయి ఆ మెట్టు పక్కన నిలబడి చదువుతాను. నవ్వేవాళ్లు నవ్వనీ, నడుమ ఆగమనేవాళ్లు అననీ. ఆయన నా నోట్లో పెట్టిన పన్ను ఇంకా గట్టిగానే ఉంది, మాట తొట్రుపడదు. ఆ బండ నాది. దాని మీది గీతలు నావి. ఆ అర్జీ నాది. అవ్వది కాదు.